చీముకు నిలిపిన రాయి

ఎండబెట్టిన ఇప్పపూల వాసన వాకిట్లోంచి తేలివస్తే, నోరూరాల్సింది పోయి, నాకు ఇప్పటికీ అరికాలు ఝల్లుమంటుంది.

మా సుక్మా అడవుల వైపు ఎండలు ముదిరి పూలు రాలే ముందు, ఇప్పచెట్టు కింద ఎండుటాకులకు నిప్పుపెట్టి నేల శుభ్రం చేసేవారు. తెల్లారేసరికి ఆ నల్లటి బూడిద మీద వెన్నరంగు పూలు పరుచుకుని ఉంటే, పిల్లలం గంపలు పట్టుకుని, తియ్యటి జిగట పూలు నములుతూ, మోచేతుల దాకా మసి పూసుకుంటూ ఏరేవాళ్ళం. ఒక ఏడు అలా ఏరుతూ పరుగెత్తుతుంటే కాలిన పొద మోడు ఒకటి నా అరికాల్లో దిగింది. చెట్టు కింద తగిలిన గాయాన్ని ఆ చెట్టు బూడిదే మాన్పుతుందని మా అవ్వ, అంటే నాన్న తల్లి, పిడికెడు బూడిద కూరి ఆకు కట్టింది.

మానలేదు. పాదం బూరెలా పొంగింది, గజ్జల్లో బిళ్ళ కట్టింది, ఒళ్ళు కాలిపోయింది. ఇలాగే పొంగిన కాలు తీసేస్తే, పొరుగూరాయన కర్ర ఊతంతో సంతకు రావడం నేను చూసి ఉన్నాను; నాన్న మోటారు సైకిల్ మీద అవ్వ ఒళ్ళో కూర్చుని ఆస్పత్రికి పోతున్నంతసేపూ నా కాలివేళ్ళు ఒక్కొక్కటే తడుముకున్నాను.

నర్సమ్మ పుండు కోసి కడిగితే గిన్నెలోకి చీము కారింది. కేక పెట్టాను.

"భయపడకు బిడ్డా. నీ రక్తంల కావలోళ్ళుంటరు. క్రిములు జొరబడితే చుట్టుకొని మింగేస్తరు, కడుపుల అరగదీస్తరు. మింగి మింగి చచ్చినోళ్ళే ఈ చీము. ఈసారి క్రిములెక్కువైనయి, అందుకే సూదిమందు."

నేను కాలు వెనక్కి లాక్కున్నాను. "నన్ను గూడ తింటరా?"

"నువ్వు వాళ్ళ ఇల్లు పిల్లా. ఉన్న ఇల్లు తింటరా ఎవరన్న?"

"చెదలు తింటలేవా ఏంది?" అంది అవ్వ.

నర్సమ్మ నవ్వింది, నేను ఏడ్చాను. కాలు దక్కుతుందా అని నాన్న అడిగితే, బిళ్ళ కరగాలి, చూద్దాం అంది. ఆ ఆస్పత్రి మంచం మీద కళ్ళు మూసుకుంటే చాలు, లోపల ఎవరో ఎవరినో నములుతున్నట్టే ఉండేది.

ఒక పొద్దున గజ్జల్లో తడుముకుంటే బిళ్ళ లేదు. ఇంటికి వచ్చేటప్పుడు అవ్వ, చీము తుడిచిన దూదిని ఆకులో చుట్టి కొంగున కట్టుకుంది.

"ఏందమ్మా అది, చెత్తల పడెయ్యక!" అని నాన్న కసిరాడు.

"పిల్ల కోసం చచ్చినోళ్ళను చెత్తల పడేస్తమారా?"

మా ఊళ్ళో పోయినవాళ్ళకు చేసినట్టే, దాన్ని ఇప్పచెట్టు కింద పూడ్చి, పైన చిన్న రాయి నిలిపి, గుప్పెడు పూలు పెట్టింది.

ఇప్పుడు చెట్ల కింద నిప్పు పెట్టరు, రాలే పూలు పట్టడానికి వలలు కడతారు. ఆ బూడిద వాసన పోయింది. అవ్వ పోయింది, తర్వాత రోడ్డు వెడల్పులో ఆ చెట్టూ రాయీ పోయాయి. జ్వరం వస్తే మాత్రం నా చెయ్యి ముందు గజ్జల దగ్గరికే పోతుంది. బిళ్ళ తగిలిందంటే, లోపల మళ్ళీ మొదలైందని భయం. ఈసారి చచ్చేవాళ్ళకు రాయి నిలిపే మనిషి లేదే అని ఇంకా భయం వేస్తుంది.