ఖాలాకు మతి తప్పలేదు

మా పక్కింటి ఖాలా, నేను పిన్నిలా పిలుచుకునే మనిషి, పోయిన శుక్రవారం హైదరాబాద్ దవాఖానాలో కన్నుమూసింది. చివర్లో ఆమెకు మతి తప్పిందని దేవరకొండలో అంటున్నారు. తప్పలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఖాలా గాజులు అమ్మేది. వేళ్ల కణుపులు ఒక్కసారి నొక్కి చూసి సైజు చెప్పేది. ఎక్కించేటప్పుడు మనం అబ్బా అంటే, "గీపాటికే ఏడుస్తే కాన్పు ఎట్ల చేసుకున్నవే?" అని నవ్వించి, ఆ నవ్వులోనే గాజు దాటించేది. పగిలితే, "తప్పు నా చేతిది, నీ చేతిది గాదు" అనేది. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో నన్ను మొదట పేరు పెట్టి పిలిచింది ఆమే.

మా బోరింగు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె నడుమును వంచేసింది. నొప్పికి బజారు డాక్టరు నల్లమందు జాతి సూదిమందు మొదలుపెట్టాడు. నొప్పి తగ్గింది. ఆయన చేతివాసి మంచిదన్నారు. కొన్నాళ్లకు మూత్రం తగ్గింది, తలపోటు, వాంతులు పట్టుకున్నాయి. ఒక పూట కొడుకునే గుర్తుపట్టలేదు. తెలివొచ్చినప్పుడు నాతో, "నాకు పిచ్చి లేదు బిడ్డా. గా సూది పడ్డకాంచి తలకాయల నీళ్లు నిండినట్టున్నది" అంది.

ఆ మాటే డాక్టరుకు చెప్పాను. సూది ఆపి రక్తపరీక్ష చేయించమన్నాను.

"డాక్టర్ను నువ్వా, నేనా? ముసల్ది, వయసుకు మతి తప్పింది. నీరసమున్నది, గ్లూకోజ్ ఎక్కిద్దాం" అని నవ్వాడు.

సీసా మీద సీసా ఎక్కించాడు. నీళ్లు బాగా తాగించమన్నాడు. ఇంట్లోవాళ్లు నమ్మి తాగించారు. మూర్ఛలు వచ్చాకే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. నేనూ తోడు వెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి తల పట్టుకుంది. "ఈ మందు కొందరికి, ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోనును పెంచుతుంది. నీరు బయటికి పోదు. రక్తంలో ఉప్పు పలచబడి మెదడు ఉబ్బుతుంది. ఆపాల్సిన నీళ్లే పోశారు" అంది.

మందు ఆపి, నీళ్లు తగ్గించి, ఉప్పు మెల్లగా ఎక్కించారు. ఖాలా కళ్లు తెరిచి నన్ను చూసింది. "మీ ఆయనకు బువ్వ ఎవలు పెడ్తున్రు?" అంది. తనే వండుకుంటున్నాడన్నాను. "అయితే జల్ది పో, ఇల్లు అంటుకుంటది" అంది. ఇది మతి తప్పిన మనిషి మాటేనా? కానీ అంతకుముందే మూర్ఛలో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా పట్టింది. ఆ జబ్బే ఆమెను తీసుకుపోయింది.

మూడోనాటి ఫాతిహా ప్రార్థనకు బజారు డాక్టరు వచ్చాడు. అందరూ లేచి కుర్చీ వేశారు. "పాపం, ఆఖరుకు మతి తప్పింది" అన్నాడు.

"ఆమె మతి బాగనే ఉండె సారూ. ఏ మందు పడుతలేదో ఆమెనే చెప్పింది. మీరే ఇనలే" అన్నాను.

ఖాలా కోడలు నా కొంగు లాగింది. "ఊకో అక్కా. రేపు జ్వరమొస్తే మళ్ల ఆయన తానికే పోవాలె."

డాక్టరు చాయ్ తాగి లేచాడు. బయట గోడకానుకుని నడుము పట్టుకున్న ఒక ముసలాయన, ఆయన సంచి కనబడగానే చొక్కా చేయి పైకి మడవసాగాడు.