రంగం రేడియోలో వాన

బర్మాలోని రంగం విడిచిపెట్టి, బోగోలు దగ్గర ఈ సముద్రపు ఒడ్డు పల్లెకు వచ్చాక అమ్మ నన్ను అడిగింది ఒక్కటే: ఒకసారి రంగం రేడియో వినిపించమని. ఆమె పుట్టి పెరిగింది అక్కడే మరి. వారం రోజులుగా ట్రాన్సిస్టర్ మీట తిప్పి తిప్పి నా వేళ్లు కాయలు కాశాయి. సిలోన్ పాటలు వస్తాయి, మద్రాసు అరవం వస్తుంది, రంగం మాత్రం రాదు.

ఈ రోజు మధ్యాహ్నం వచ్చింది. బర్మా భాషలో ఆడగొంతు, గంట కొట్టినట్టు! "అమ్మా, రా!" అని కేకేశాను. అమ్మ వచ్చి ఒక్క వాక్యం విని, వెంటనే వాకిట్లోకి పరిగెత్తింది. పక్కింటి పోలమ్మ ఎండబోసుకున్న రొయ్యలన్నీ చాపతో సహా చుట్టి మా వసారాలో పడేసింది.

పోలమ్మ లబలబలాడుతూ వచ్చింది. "ఏందక్కా ఇది? ఎండ ఇట్టా మండతా ఉంటే నా రొయ్యలెందుకు ఎత్తినావు?"

"వానొస్తాదంట. రేడియోలో చెప్పినారు."

నాకు ఒళ్లు మండింది. "ఆ వాన రంగంలోనమ్మా! మన ఊళ్లో కాదు."

"మన ఊళ్లోనే అన్నది గదరా ఆ పిల్ల," అంది అమ్మ.

నిజమే, ఆ పిల్ల అన్నది అదే మాట. రొయ్యలు మళ్లీ ఎండబోసి వచ్చేసరికి రేడియోలో గురగుర తప్ప ఏమీ లేదు. వారం కష్టానికి ఒక్క వాక్యం దక్కింది, అదీ పోలమ్మ తిట్లతో కలిపి.

సాయంత్రమైంది. మబ్బు తునకైనా లేదు. అమ్మ ఇంకా ఆకాశం వైపే చూస్తోంది. ఆ పిల్ల చెప్పిన 'మన'లో మేమిప్పుడు లేమని ఆమెకు ఎవరు చెప్తారు? మీరు చెప్తారా?