లోర్నా పాస్కో ఓడిపోయిన గది

మా ఊరు బెండిగోలో ఇప్పుడు బట్టతలలతో తిరుగుతున్న మగవాళ్లలో సగం మందిని చిన్నప్పుడు బడికి చేర్చింది లోర్నా పాస్కోయే. స్కూలు బస్సు నడిపేది. ఆమె అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే చాలు, వెనక సీటులో ఉన్నవాడి చూయింగ్ గమ్ దానంతటదే గొంతులోకి జారిపోయేది. రిటైరయ్యాక ఆ చూపును తాళాల మీదికి తిప్పింది.

అంటే ఎస్కేప్ రూముల మీదికి. గదిలో పెట్టి తలుపు మూస్తారు. గంటలోగా ఆధారాలు పట్టుకుని, చిక్కుముళ్లు విప్పి, ఒక్కో తాళమూ తీసుకుంటూ బయటపడాలి. ఈ పిచ్చి ఉన్నవాళ్లం మా ఊళ్లో ఒక జట్టయ్యాం. లోర్నా మా కెప్టెన్. ఆమె అప్పటివరకు ఏ గదిలోనూ ఓడిపోలేదు, ఒక్క సూచన కూడా అడగలేదు. ఎచూకాలో ఒకసారి ఆమె గట్టిగా దగ్గితే పెట్టె తాళం ఊడి కిందపడింది. నేను పక్కనే ఉన్నాను. మా జట్టులోని విక్ తనకు గుర్తు లేదంటాడు గాని, విక్‌ది మాంసం కొట్టు. అతని జ్ఞాపకాలు కూడా ఐసులోనే ఉంటాయి.

ఆమె పెట్టిన నియమం ఒకటుంది. ఎప్పుడో చూసేసిన చిక్కుముడి మళ్లీ ఎదురైతే చేతులు కట్టుకుని, నోరు మూసుకుని కూర్చోవాలి. మిగతావాళ్లు విప్పుకుంటారు. జవాబు తెలిసి తాళం తీయడం సొంత ఇంటి తలుపు తీసుకోవడం లాంటిదని ఆమె వాదన.

క్లైవ్ ట్రెలోర్ కూడా ఆ బస్సులో పెరిగినవాడే. టైర్ల కొట్టు అమ్మేసి, ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై గోడలతో సహా లారీలో వచ్చిన గదిని తెచ్చి బిగించాడు. ‘బెండిగో బంగారు గని’ అని పేరు పెట్టాడు. ప్రారంభం రోజున మా జట్టునే ముందు ఆడమన్నాడు. పత్రిక నుంచి ఫొటోలు తీసే అమ్మాయి కూడా వచ్చింది.

గుమ్మంలోనే లోర్నా ఆగింది. గోడ మీద వేలు రాసి చూసుకుంది.

“ఒరేయ్ క్లైవ్, ఈ నలుపేమిటి?”

“బొగ్గండీ మిసెస్ పాస్కో. గని కదా.”

“బెండిగో గనిలో బొగ్గేమిట్రా! మా తాత బతుకంతా బంగారం కోసం తెల్లరాయి కొట్టాడు. ఇంటికొస్తే పిండిమరలోంచి వచ్చినట్టుండేవాడు.”

“ఫ్యాక్టరీ వాళ్ల రంగండీ అది. వాళ్లకి అన్ని గనులూ ఒకటే.”

తలుపు మూశాడు. గడియారం మొదలైంది.

మూలన హెల్మెట్ పెట్టుకున్న పెద్ద పిల్లి బొమ్మ ఉంది. మందుల షాపు థుయ్ దాన్ని చూసి పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, వెళ్లి పీపా మీద కూర్చుని చేతులు కట్టుకుంది.

“ఏమైంది తల్లీ?” అన్నాడు విక్.

“ఆక్లాండ్‌లో ఆడేశాను. అక్కడ ఇది మంత్రగత్తె వంటిల్లు. పిల్లి ఇదే, టోపీ వేరు.”

“సరే, ఒక వికెట్ పడింది,” అంటూ విక్ గోడ మీది గొట్టాల దగ్గరికి వెళ్లాడు. చెయ్యి చాచి, గాల్లోనే ఆపేశాడు. “అయ్యో! అడిలైడ్ జలాంతర్గామి!” వెళ్లి థుయ్ పక్కన కూర్చున్నాడు.

ఇనప్పెట్టె చూడగానే నాకు సువాలో ఆడిన ‘మునిగిన ఓడ’ గది గుర్తొచ్చింది. చేతులు కట్టుకుని కూర్చోవడం మా కాన్వెంటు సిస్టర్లు నాకు చిన్నప్పుడే బాగా అలవాటు చేశారు కాబట్టి, వాళ్లిద్దరికంటే అందంగా కూర్చున్నాను.

“ఇక నువ్వే, డ్రైవరమ్మా. మమ్మల్ని ఇంటికి చేర్చు,” అన్నాడు విక్.

లోర్నా పిల్లిని చూసింది, గొట్టాలను చూసింది, పెట్టెను చూసింది. నెమ్మదిగా వచ్చి నా పక్కన కూలబడింది.

“లాన్సెస్టన్. మా చెల్లెలితో వెళ్లాను. సముద్రపు దొంగల ఓడ.”

విక్ గొంతు తగ్గించాడు.

“ఆడింది మీ చెల్లెలే అనుకో.”

“నేనే ఆడాను.”

“ఇన్నేళ్లలో ఒక్క ఓటమి లేదు నీకు! ఈ ప్లాస్టిక్ డబ్బా కోసమా? ఇక్కడెవరు చూస్తున్నారు?”

“నేను చూస్తున్నా!” స్పీకర్లోంచి క్లైవ్ అరిచాడు. “ఫొటో అమ్మాయీ చూస్తోంది! ఏంటి మీరు, ప్రార్థన చేస్తున్నారా? మిసెస్ పాస్కో, ఆ పిల్లి హెల్మెట్ ఉంది చూడండి…”

“నోర్మూసుకుని కూర్చో, క్లైవ్!”

బస్సులో వినిపించిన గొంతే అది. స్పీకర్లో కుర్చీ కిర్రుమంది.

ఆ హెల్మెట్‌ను ఎటు తిప్పాలో మా నలుగురికీ తెలుసు. ఇక్కడ రాయను, నియమం నియమమే. లోర్నా చెయ్యి మోకాలి మీంచి ఒకసారి లేచింది. మేం ముగ్గురం ముందుకు వంగాం. ముక్కు గోక్కుని చెయ్యి దించేసింది. విక్ పిప్పరమెంట్లు పంచాడు. గడియారం పనేదో అది చేసుకుపోయింది.

గంట మోగింది. పైనుంచి గంభీరమైన గొంతు పలికింది: “నావికులారా, మీ ఓడ మునిగిపోయింది!” గని అని పేరు మార్చినవాళ్లు గొంతు మార్చడం మరిచారు.

క్లైవ్ ఎర్రబడిన మొహంతో తలుపు తీశాడు. “కావాలనుకుంటే నాలుగు నిమిషాల్లో బయటికొచ్చేవాళ్లు కదండీ!”

“నీ గదికున్న జబ్బు అదేరా. పుట్టినరోజు పిల్లలొస్తారు, కేరింతలు కొడతారు, మంచిదే. మాలాంటి వాళ్లు ఊళ్లు దాటి వచ్చేది చూడనిదాని కోసం. నువ్వు బెండిగో అని బోర్డు పెట్టి లాన్సెస్టన్ చూపిస్తే ఎవడొస్తాడు? ఈ ఊరివాడివి, ఈ ఊళ్లో నీకు తెలిసిందేదో నీ చేత్తో కట్టు. అందులో నన్ను ఓడించు, చప్పట్లు కొడతాను.”

క్లైవ్ తల దించుకున్నాడు. “పోనీ, దీన్ని లెక్కలో వేసుకోకండి మిసెస్ పాస్కో. పాత గదే కదా, ఆడనట్టే,” అన్నాడు. మంచివాడే పాపం.

మాకూ ఆ మాట నచ్చింది. విక్ అప్పటికే తల ఊపుతున్నాడు.

“తలుపు మూశావు కదా? గంట మోగింది కదా? మేం బయటికి రాలేదు.” లోర్నా ఫొటో అమ్మాయి వైపు తిరిగింది. “ఓడిపోయామని రాయమ్మా. నా పేరు ముందు పెట్టు. స్పెల్లింగు తప్పు రాకుండా చూడు.”

మర్నాడు పత్రికలో ఫొటో పడింది. విక్, థుయ్, నేను కోళ్లు ఎత్తుకుపోతూ దొరికిపోయినవాళ్లలా ఉన్నాం. మధ్యలో లోర్నా, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడింది. కింద రాసింది చదవనివాళ్లు వారమంతా విక్ కొట్టుకు వచ్చి, ఆమె ఏ కప్పు గెలిచిందని అడిగారు.

విక్ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. “పెద్దదే,” అంటూ మాంసం తూచి ఇచ్చాడు.