మట్టి సైనికుల పుస్తకం చదివిన పూట

ఖిదిర్‌పూర్‌లోని మా తెలుగు చర్చి హాల్లో వేసవి సెలవుల్లో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. అక్కడి పిల్లల నాన్నలందరిదీ దాదాపు రేవు పనే. ఒక పొద్దున తరగతి మధ్యలో ఓ పిల్ల తల్లి ఫోను పట్టుకుని పరుగున వచ్చి, నన్ను గుమ్మం బయటికి లాగింది.

"రేవు మేస్త్రీ, సర్దార్ దాదా ఫోన్ సేసినాడమ్మా. మా ఆయన దుంగల ఓడ అడుక్కి దిగి పడిపోనాడట. లోపల గాలి నేదట. మా గుంటకి సెప్పకండి. ఏదో ఒకటి సెప్పి కూకోబెట్టండి, నాను గేటు కాడికెల్తన్నాను."

నా నోటికి చర్చి అంతా జడుస్తుంది. ఆ పూట మాత్రం నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ పిల్ల ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తోంది. చేతికందిన బొమ్మల పుస్తకం తీశాను. చైనా చక్రవర్తి సమాధి! నా ఖర్మ, ఇంకేదీ దొరకలేదా?

"చచ్చాక కూడా తనకి సైన్యం కావాలన్నాడర్రా ఆ రాజు. వేలమంది సైనికుల్ని, గుర్రాల్ని మట్టితో చేయించి భూమిలో నిలబెట్టించాడు. ఒకడి ముఖంలా ఇంకొకడిది ఉండదు. సమాధి లోపల పాదరసాన్ని నదుల్లా పారించారట. అసలు గదిని ఇప్పటికీ ఎవరూ తెరవలేదు."

"గుర్రాలికీ ఏరే ఏరే మొకాలేటి ఆంటీ?" వెనక బెంచీ పిల్ల అరిచింది. ఎప్పుడూ అందర్నీ నవ్వించేది అదే.

"నీలాగే ఉంటాయి, కుదురుండదు!" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. నా చెవులు మాత్రం వీధిలోనే ఉన్నాయి.

పేజీ తిప్పాను. సమాధి కట్టిన పనివాళ్లు గుట్టు బయటపెడతారని, వాళ్లు లోపలుండగానే తలుపులు మూసేశారట. ఆ బొమ్మ చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. గబుక్కున రెండు పేజీలు కలిపి తిప్పేశాను.

"ఒక పేజీ ఒగ్గీసినారు ఆంటీ" అంది ముందు వరస పిల్ల. "లోపలోల్లు ఏటైపోనారు?"

"ఏమీ కాలేదు! నోరు మూసుకుని విను!"

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛీ, నా నోరు పడిపోనూ అనుకుని ఒళ్లోకి లాక్కున్నాను. నా ముఖం చూస్తే తెలిసిపోతుందేమోనని దాని తల నా భుజానికి ఆనించుకున్నాను. ప్రభువా, దీని నాన్నని బయటికి తీసుకురా. అదొక్కటే అడిగాను.

మధ్యాహ్నం తల్లి తిరిగొచ్చింది. గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని ఆపి, చెవిలో చెప్పింది. "బతికినాడమ్మా. ఆస్పటల్లో కళ్లు తెరిసినాడు."

"హమ్మయ్య!" అన్నాను, హాలంతా వినపడేలా.

ఆమె నా చెయ్యి వదల్లేదు. వెనక బెంచీ వైపు చూసి గొంతు ఇంకా తగ్గించింది. "ఆ గుంట నాన్నే దిగి, మోకు కట్టి ఈయన్ని పైకంపినాడు. తర్వాత ఆయన్ని తీసేతలికి... ఊపిరి నేదమ్మా."

ఏదో మంచి కబురు వచ్చిందనుకుని, వెనక బెంచీ పిల్ల నన్ను చూసి నవ్వుతోంది.