నల్లా దగ్గర సబ్బు

"చేతులు కడుక్కున్నవా?" అని అడిగాడు మా ఆయన. "కడుక్కున్న. నువ్వు పండుకో," అన్నాను. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

కామారెడ్డి దవాఖానలో ఆయన కాలికి ఆపరేషన్ చేశారు. షుగరు మనిషి, చీము పడితే ప్రాణానికే ముప్పు, చేతులు కడగకుండా ఎవరూ ముట్టొద్దు అని నర్సమ్మ చెప్పింది. వార్డు బయట నల్లా దగ్గర నేను సబ్బు పెట్టాను. ఎల్లారెడ్డి నుంచి చుట్టాలు బస్సు దిగి నేరుగా వచ్చారు. సబ్బు చూపిస్తే మా ఆడబిడ్డ ముఖం మాడ్చుకుంది.

"గిదేంది వదినె, మేమేమన్న సావుకాడికెళ్లి వస్తున్నమా కడుక్కోనీకి? మా అన్నకు కీడు తలుస్తున్నవా?"

అందరూ అవే చేతులతో కట్టు ఎత్తి చూశారు. తర్వాత పుండుకు చీము పట్టింది. ఆయన పోయాడు.

దహనం అయ్యాక ఆ చుట్టాలే ఎల్లారెడ్డిలో మా వాకిట్లో బకెట్టు దగ్గర వరుసగా నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే కాళ్లూ చేతులూ కడుక్కున్నారు. ఆడబిడ్డ మోచేతుల దాకా కడుక్కుని సబ్బు అడిగింది. దవాఖాన సబ్బు సంచిలోనే ఉంది. అంతగా అరగలేదు. అదే ఇచ్చాను.

ఇగ చాలు. రాసింది సదువు బిడ్డా. ఆయన అడిగిన మాట మొదట్నే ఉన్నదా చూడు.