పసుపు దారం కట్టిన తాళంచెవి

నిన్న మధ్యాహ్నం మా వీధి చివరింటి ముందు అంబులెన్స్ ఆగింది. మన తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో ఎవరో ఆ ఇంట్లో ఎవరుంటారని అడిగితే, వందలమందిమి చూసి కూడా ఒక్కరమూ జవాబు చెప్పలేకపోయాం. అప్పటినుంచి నా చెవుల్లో మళ్ళీ ఎన్నో ఏళ్ళ కిందటి గోడ చప్పుడు మొదలైంది.

మేము అమెరికాలో ఈ ట్రాయ్ ఊరికి వచ్చిన కొత్తలో ఒకే అపార్ట్‌మెంట్లో ఆరు తెలుగు కుటుంబాలవాళ్ళం ఉండేవాళ్ళం. ఎవరు మొదలుపెట్టారో గాని, ప్రతి ఇంటి రెండో తాళంచెవి ఇంకొకరి వంటగదిలో మేకుకి వేలాడుతుండేది. పొయ్యి మీద పప్పు మరిచి ఆఫీసుకి పరుగెత్తితే పక్కింటావిడ వెళ్ళి ఆపేది, మంచులో చిక్కుకుని ఆలస్యంగా వస్తే బల్ల మీద వేడన్నం మూతపెట్టి ఉండేది. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి ఇదంతా నేను చెప్పక్కర్లేదు. నా మేకుకి ఉండేది పక్కింటి అక్కయ్య తాళంచెవి, పసుపు దారం కట్టింది.

ఒక చలికాలం కార్ల కంపెనీల్లో ఉద్యోగాలు ఊడటం మొదలైంది. మాలో మొదట పోయింది అక్కయ్యవాళ్ళాయనదే. వీసా గడువు తరుముకొస్తుంటే ఆయన రోజూ మా ఇంటికొచ్చి, ఆఫీసులో ఓ మాట చెప్పమని మావారిని బతిమాలేవాడు. మావారికేమో తన కుర్చీ ఉంటుందో పోతుందో తెలియదు. ఆ కష్టం మాకూ అంటుకుంటుందేమోనని నాకు భయం పట్టుకుంది. మేము కొన్నాళ్ళు ఊళ్ళో ఉండటం లేదని అబద్ధమాడి, ఆ తాళంచెవి అక్కయ్య చేతిలో పెట్టేశాను. ఆమె నా మొహం ఒకసారి చూసి తీసుకుంది.

అది తెలిసి పైఇంటావిడ తన దగ్గరున్నదీ ఇచ్చేసింది, ఆమెని చూసి మరొకరు. పక్షం తిరగకుండా ఆరు తాళంచెవులూ ఎవరివి వాళ్ళకి చేరాయి. ఎవరూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకున్నా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాత కొద్దిరోజులకే, అక్కయ్యా వాళ్ళాయనా ఇంటర్వ్యూ కోసం వేరే ఊరికి డ్రైవ్ చేసుకుని వెళ్ళిన పూట, గోడ అవతల ఏదో కొడుతున్న చప్పుడు వినబడింది. హీటరేమోనని చాలాసేపు పట్టించుకోలేదు, ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. చివరికి వెళ్ళి తలుపు తట్టితే, ఇండియా నుంచి వచ్చి ఉన్న అక్కయ్య మామగారి గొంతు లోపల నేలమీద నుంచి వచ్చింది.

"అమ్మాయ్, పడిపోయాను, లేవలేకపోతున్నా. కీ నీ దగ్గరుందిగా, తీసి రామ్మా."

నేను ఇచ్చేసిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. అత్యవసర సాయం కోసం 911కి ఫోన్ చేసి, వాళ్ళొచ్చి తలుపు బద్దలు కొట్టేదాకా, వస్తున్నాను మామయ్యగారూ అని ఆ తలుపుతో అబద్ధం చెబుతూ నిలబడ్డాను. ఆయన మళ్ళీ లేచి నడవలేదు. మంచు కరిగేలోపే వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఎక్కడికని మాలో ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు మావారు లేరు, ఈ పెద్ద ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపుకి నంబర్ల తాళం, ఆ నంబరు నాకు తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఈ ఉదయం దాన్ని కాగితం మీద రాసుకుని పక్కింటి తెలుగమ్మాయి దగ్గరికి వెళ్ళాను. తలుపు తెరుచుకోలేదు, గుమ్మం గంట దగ్గరున్న కెమెరాలోంచి గొంతు మాత్రం వచ్చింది.

"హాయ్ ఆంటీ, మీటింగ్‌లో ఉన్నా. ఏదైనా ఇవ్వాలా? అక్కడే పెట్టేసి వెళ్ళండి, ప్లీజ్."

ఇంటి తాళాన్ని గుమ్మంలో పెట్టి ఎలా వస్తాను? కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాను. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. తాళంచెవి మొదట తిరిగిచ్చినదాన్ని నేనే.