గుడ్డ టాపు కారు, దాని స్టెప్నీ

ఆ రోజుల్లో మాకు బస్సు వస్తుందా రాదా అన్నదే మొదటి వార్త, పేపర్లో ఏం రాశారన్నది ఆ తర్వాతి సంగతి. అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. పొద్దున ఆఫీసుకు పోయినవాడు సాయంత్రం ఏ దారిన వస్తాడో ఇంట్లోవాళ్లు చెప్పలేకపోయేవారు. ఇప్పుడు మెట్రో స్తంభాల కింద నిలబడి దిల్‌సుఖ్‌నగర్‌ను చూసేవాళ్లు నమ్మరు గానీ, అప్పుడు అక్కడి నుంచి ఇప్పటి ఎల్బీ నగర్ చౌరస్తా దాకా రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష తోటలే. ఆ తోటల మధ్య కొత్తపేటలో మా అక్కావాళ్ల కిరాయి ఇంట్లో ఉంటూ, మలక్‌పేటలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాను. పెళ్లి కాలేదు, ధైర్యం లేదు. ఉన్నదల్లా ఒక డైరీ. (పెళ్లి తర్వాత అయింది. ధైర్యం సంగతి మా ఆవిడనే అడగాలి.)

ఏ పని చేసేముందైనా డైరీలో ఎడమ పేజీలో మంచి, కుడి పేజీలో చెడు రాసుకోవడం నాకు అలవాటు. గొడుగు కొనాలా వద్దా అని అలా రాసుకుని తేల్చుకునేసరికి ఆ ఏడు వానలు వెనక్కి పోయాయి. అందుకే, ఎంతసేపూ ఆలోచిస్తూనే కూర్చుంటానని, బావ నాకు 'సోంచాయించే పటేలు' అని పేరు పెట్టాడు. ఆయన తిరుగుళ్ల మనిషి. పోచంపల్లి నుంచి చీరల మూటలు తెచ్చి సిటీ దుకాణాలకు వేసేవాడు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. అక్కకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఊళ్లో నొప్పులు మొదలైతే, ఎడ్లబండి దొరికి రోడ్డెక్కేసరికే ఆలస్యమైపోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. కానీ బస్సులు బంద్ అని వినబడ్డప్పుడల్లా అందరి చూపూ ఒక్కసారి అక్క వైపు పోయి వచ్చేది.

మా ఆఫీసులో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఓవర్సీరు గారు ఒకాయన ఉండేవారు. నిదానస్థుడు. గొడవలకు బెదిరి సొంతూరు వెళ్లిపోదామని సామాను అమ్ముతున్నారు. ఆ సామానులో ఒక కారు ఉంది. రేగుపండు రంగు విలాయతి బండి. పైన రేకు లేదు, మడిచి వెనక్కి నెట్టేసే గుడ్డ టాపు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక కూడా ఇద్దరు, వాళ్లు బక్కగా ఉంటే. స్టెప్నీ టైరు వెనక డిక్కీ మీద బయటికే బిగించి ఉండేది.

"బంగారం లాంటి బండండీ," అన్నారు ఓవర్సీరు గారు. "కాకపోతే వేడెక్కితే కాస్త అలుగుతుంది. అలిగినప్పుడు కదిలించకూడదు. కాసేపు ఊరుకుంటే తనే సర్దుకుంటుందండీ. మన ఆఫీసరు గారి కంటే నయమే. వారం పాటు మీ దగ్గరే పెట్టుకుని చూడండి, నచ్చితేనే మాట్లాడుకుందాం."

బావ ఎగిరి గంతేశాడు. చీరల మూటలు తెచ్చుకోవచ్చు, అక్కను దవాఖానకు తీసుకుపోవచ్చు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కుడి పేజీ నిండిపోయి పక్క తేదీలోకి పాకింది. బ్రేకు పడకపోతే? తలుపు ఊడితే? నడిరోడ్డు మీద అలిగితే? అన్నిటికీ మించి ఇంకొకటి.

"బావా, పైన గుడ్డ. రాళ్లు పడే రోజులివి. రాయి పడితే ఎట్ల?"

"బండికేం గాదు బామ్మర్దీ. నీ నెత్తికి గదా తాకేది!"

చివరికి అత్తమ్మను అడుగుదామన్నారు. అత్తమ్మ అంటే బావ తల్లి, మగ్గాల ఇంట్లో పుట్టి మగ్గాల ఇంట్లో మెట్టిన మనిషి. ఆ ఇంట్లో ఏది కొనాలన్నా ఆమె చేయి పడాల్సిందే. చీర అయినా, దుప్పటి అయినా, పెళ్లి సంబంధం అయినా. (మా అక్కను చూడటానికి వచ్చినప్పుడు ముందు అక్క పైట కొంగు పట్టుకుని చూసిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.) ఆమె ఇంట్లోంచి బయటికి వచ్చింది. కారు చుట్టూ తిరగలేదు. చక్రాల వైపు చూడలేదు. నేరుగా టాపు అంచు పట్టుకుంది. బొటనవేలితో రుద్దింది. వేలు తడిచేసి అద్దింది. మూలలో ఒక పోగు లాగి తెంపి చూసింది. ఎండకు ఎత్తి ఒక కన్ను మూసి చూసింది. మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"నేత మంచిగున్నది," అంది. "పడుగు, పేక రెండూ గట్టియే. గీ గుడ్డ మోసం జెయ్యది. తీసుకోర్రి."

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ మాటతో నాకూ సగం భయం తగ్గింది. పద్ధతి గల మనిషినని పేరుపడ్డ నేను, డైరీలో టాపు గురించి పేజీ అంతా రాసి, 'ఇంజను' అన్న చోట 'ఉన్నది' అని ఒక్క మాట రాసి మూసేశాను. బానెట్ ఎత్తి చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు. అయినా ఖాయం చేద్దామని బావ అంటే, ఇంకో రెండు రోజులు సోంచాయిద్దామని నేను ఆపాను. ఓవర్సీరు గారు మాత్రం సాయంత్రాలు ద్రాక్ష తోటల మట్టి దారుల్లో నాకు గేర్లు నేర్పేవారు. ఆ దారుల్లో ఎదురొచ్చేవి మేకలే. అవి నన్ను చూసి పారిపోయేవి, వాటిని చూసి నేను బ్రేకు తొక్కేవాణ్ని.

ఆ రెండు రోజుల్లోనే బావ పోచంపల్లి పోయాడు. మర్నాడు బంద్. మిట్టమధ్యాహ్నం అక్కకు నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ దవాఖాన మలక్‌పేటలో. బస్సు లేదు, రిక్షా లేదు. గేటు ముందు రేగుపండు రంగు కారు మాత్రం ఉంది. అక్క గోడ పట్టుకుని నిలబడి నా మొహం వంక చూసింది. ఆ చూపులో పాత ఎడ్లబండి ఉంది. నేను తాళం తీసుకున్నాను. అది రెండుసార్లు కింద పడింది.

అత్తమ్మ వెనక సీట్లో అక్కను ఒళ్లో ఆనించుకుని కూర్చుంది. "టాపు తీసెయ్‌రా. లోపట ఎవలున్నరో తెల్వకుంటేనే రాయి ఇసురుతరు. కడుపుతోనున్న పొల్ల కనవడితే ఎవడిసురుతడు?" అంది. నాకేమో దాక్కోవడానికి ఆ గుడ్డ అయినా ఉండాలని ఉంది. అయినా తీశాను. అది ఎంతో మర్యాదగా మడత పడి వెనక్కి పోయింది. ఆ బండిలో చెప్పినట్టు పనిచేసింది అదొక్కటే. అత్తమ్మ పరీక్షలో తప్పు లేదు. మేం పరీక్ష పెట్టినదే కారుకు కాదు.

రోడ్డు ఖాళీ. అంత ఖాళీ రోడ్డు నేను మళ్లీ చూడలేదు. తోటల్లో కాకి కూడా అరవడం లేదు. నా కాళ్లు బ్రేకు మీద ఉన్నాయో క్లచ్చి మీద ఉన్నాయో వాటికే తెలియదు. దూరంగా దిల్‌సుఖ్‌నగర్ దగ్గర నల్లటి పొగ లేచి ఉంది. వెనక అక్క పళ్లు బిగించి మూలుగుతోంది. ఆ మూలుగు వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం. పొగ దగ్గరికి వచ్చింది. రోడ్డుకు అడ్డంగా రాళ్లు, మధ్యలో కాలుతున్న టైర్లు, వెనక యాభై మందో వంద మందో పోరగాళ్లు. నిదానంగా పక్క నుంచి పోనిద్దామని గేరు మార్చాను. సరిగ్గా అక్కడే, వాళ్ల కాళ్ల ముందు, కారు అలిగింది.

మొహానికి దస్తీ కట్టుకున్న ఒకడు ముందుకొచ్చాడు. చేతిలో కర్ర.

"ఎవలిది బండి?"

"నాది కాదు," అన్నాను.

"మరెవలిది?"

"ఇంకా తేలలేదన్నా. కొనాల్నా వద్దా అని సోంచాయిస్తున్నం."

అంతకంటే నిజం నా దగ్గర లేదు. దస్తీవాడు కర్ర దించాడు. కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. "గీ బండా? కొనకే అన్నా, పరేషానైతవ్," అన్నాడు. వెనక నుంచి ఇంకొకడు, "ఏయ్, ఇంజన్ మంచిదే ఉంటది, కార్బొరేటర్లనే కచరా," అన్నాడు. "నీకేం తెల్సు బే? మా కాకా దగ్గర ఇసొంటిదే ఉండె. నడిచిన దానికంటే నెట్టిందే ఎక్కువ!" "టాపు జూడు, మస్తున్నది!" క్షణంలో ఉద్యమం పక్కన పెట్టి అందరూ బండి బేరంలో పడ్డారు. అంతదాకా నాకు తట్టని పని ఎవడో చేశాడు, బానెట్ ఎత్తాడు. ఎత్తి, లోపలికి చూసి, "అబ్బో!" అని మెల్లగా దించేశాడు. ఆ 'అబ్బో' నా కుడి పేజీ మొత్తానికి సమానం.

అత్తమ్మ సీటు మీద లేచి నిలబడింది. "మీ నోళ్లల్ల మన్నువడ! ఆడ నా కోడలు కనేటట్టున్నది, మీరు బండికి పెండ్లిచూపులు జేస్తరా? నూకుర్రి!"

అప్పుడు చూశారు వాళ్లు అక్కను. దస్తీవాడు దస్తీ కిందికి లాగాడు. చూస్తే మీసాలు కూడా సరిగా రాని మొహం. "అక్కా, నువ్వు భయపడకు," అన్నాడు. తర్వాత కొంచెం మొహమాటంగా నా వైపు తిరిగాడు. "నూకుతం అన్నా. జర గా ఎనక టైరు మాకియ్యరాదే? మంట ఆరిపోతున్నది, టైర్లు అయిపోయినయి."

మనది కాని బండి. మనది కాని టైరు. ఓవర్సీరు గారికి ఏం చెప్పాలి? ఇవ్వకపోతే ఏమవుతుంది, ఇస్తే ఏమవుతుంది అని నా బుర్రలో రెండు పేజీలూ తెరుచుకున్నాయి.

"ఇయ్‌రా తమ్మీ!" అని అరిచింది అక్క. "నాలుగు అడిగినా ఇయ్! ఇప్పుడు గూడ సోంచాయిస్తవారా?"

ఇచ్చేశాను. టైరు విప్పే పానా వాళ్ల దగ్గరే ఉంది. ఆ తర్వాత వాళ్లు వెనక నుంచి నెడుతుంటే, దిల్‌సుఖ్‌నగర్ నుంచి జై తెలంగాణ నినాదాల మధ్య మా కారు ఊరేగింది. నేను స్టీరింగు పట్టుకుని కళ్లు సగం మూసుకున్నాను. మూసారాంబాగ్ దాటాక ఇంజనుకు అలక తీరి ఒక్కసారిగా గుర్రుమంది. పోరగాళ్లు కేకలు పెట్టి వెనకే ఉండిపోయారు. ఇక ఆపితే మళ్లీ రాదేమోనని దడ. ఆ దడలో దవాఖాన గేటు దాటి ముందుకు పోయాను. "గేటు అటే పాయె!" అని అత్తమ్మ వీపు మీద గుద్దితే, గిరుక్కున తిప్పుకొచ్చి మెట్ల ముందున్న పూలకుండీకి ఆనించాను. కారు ఆగింది. కుండీ పగిలింది. అక్క లోపలికి నడిచి పోయింది.

నేను మెట్ల మీద కూర్చున్నాను. చాలాసేపటికి లోపల నుంచి ఒక ఏడుపు వినిపించింది. చిన్నది, సన్నటిది, కానీ గట్టిది. ఆడపిల్ల. అత్తమ్మ బయటికి వచ్చి నా పక్కన కూలబడి, అంతసేపూ చూపించిన ధైర్యమంతా వదిలేసి, కొంగులో మొహం పెట్టి ఏడ్చేసింది. అప్పుడు తెలిసింది, ఆ కారులో భయపడింది నేనొక్కణ్నే కాదని.

బావ వచ్చాక కారు సంగతి మళ్లీ ఎత్తాము. నా డైరీ ప్రకారం వద్దు. బానెట్ ఎత్తినవాడి 'అబ్బో' ప్రకారం అసలే వద్దు. కానీ స్టెప్నీ లేని బండిని ఏ మొహంతో తిరిగి ఇస్తాం? "మంది బండి టైరు కాల్చినంక ఇంక అడుగుడేంది? కొనుడే," అంది అత్తమ్మ. నా జీవితంలో ఏ పేజీలూ చూసుకోకుండా అయిన మొదటి నిర్ణయం అదే. ఓవర్సీరు గారికి జరిగింది చెబితే, "పాప బాగుందాండీ?" అన్నారు. "టైరుదేముంది లెండి. నన్ను కాస్త రైలు స్టేషను దాకా దింపగలరా? ఒక్కణ్నే వెళ్లాలంటే భయంగా ఉంది." దింపాము. అత్తమ్మ ఆయన పక్కనే కూర్చుని, "నేనున్న గదయ్యా, ఎవడేమంటడో చూస్త," అంటూ దారి పొడుగునా కాపలా కాసింది. రైలు కదిలేటప్పుడు ఆయన మాకు కాదు, కారుకు చెయ్యి ఊపారు.

ఆ బండి మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అలుగుతూనే ఉంది. నెట్టినవాళ్లే మాకు స్నేహితులయ్యారు.

ఆ పాప ఇప్పుడు మన్సూరాబాద్‌లో ఉంటుంది. జుట్టు నెరిసింది, రంగు వేయదు. మొన్నొకరోజు వచ్చి, "మామా, ఒక చిన్న కారు చూసిన. టాపు తీసేది. మంచిగనే ఉన్నది గానీ మస్తు రిపేర్లొస్తయంటున్నరు. కొనాల్నా వద్దా, నువ్వే చెప్పు," అంది. ఎల్బీ నగర్ దగ్గర షోరూముకు తీసుకుపోయింది. నిగనిగలాడే బండి. టై కట్టుకున్న అబ్బాయి మీట నొక్కితే టాపు దానంతటదే మడత పడింది. నాకు గుండె దడదడలాడింది. ఇన్నేళ్లయినా ఆ దడ ఎక్కడికీ పోలేదు.

"స్టెప్నీ ఎక్కడుంది బాబూ?" అని అడిగాను.

"ఇందులో స్టెప్నీ రాదు సర్. పంచర్ కిట్ ఇస్తాం."

రాదట. మరి దారిలో ఎవరైనా ఆపితే ఏమిచ్చి బయటపడతాం? ఆ మాట పైకి అనలేదు. బానెట్ ఎత్తించి చూద్దామని దాని దగ్గరికే నడిచాను. కానీ నా చేయి నా మాట వినకుండా పోయి టాపు అంచు పట్టుకుంది. బొటనవేలితో రుద్దాను. వేలు తడిచేయబోయి, టై అబ్బాయి చూస్తున్నాడని ఆగిపోయాను.

"ఏమంటవ్ మామా?" అంది నా మేనకోడలు.

"నేత మంచిగున్నది," అన్నాను.